మూడోసారికి గానీ నోరు పెగలలేదు

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలోనే మా ఇల్లు కావడంతో, మద్యం మానేవారి సమావేశానికి వెళ్తూ తెలిసినవారి కంట పడతానేమోనన్న బెరుకే నన్ను చాలాకాలం ఆపింది (దుకాణం ముందు వరుసలో నిలబడినప్పుడు ఆ సిగ్గు ఏమైందో!). ఒకసారి ఎవరో ఇచ్చిన పాత చిరునామా పట్టుకుని వెళ్తే తలుపుకు తాళం కనిపించింది. చివరికి మత్తు మానాలనుకునేవారి కోసం ఉన్న 14446 అనే జాతీయ ఉచిత సహాయవాణికి ఫోన్ చేసి అడిగాను. ఆపైన బయలుదేరే రోజు ఉదయమే వేళ, చోటు కనుక్కోవడం అలవాటు చేసుకున్నాను.

ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ వంటి ప్రాణాంతక లక్షణాలు రావచ్చు కనుక, ముందు వైద్యుని పర్యవేక్షణలో మందులు వాడాను.

ఆ సమావేశాలు నడిపే, 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో రుసుము లేదు. మానాలన్న కోరిక తప్ప వేరే అర్హత అడగరు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. మొదటి రోజు తలుపు పక్క ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలోని టీ చల్లారిపోయేదాకా, ఎప్పుడు లేచి పోదామా అన్నట్టు కూర్చున్నాను. మూడోసారి పక్కనున్న పెద్దాయన, "సిరిమాను రోజున ఎలాగ గడుపుతావు బాబూ?" అని అడిగారు. పైడితల్లమ్మ సిరిమాను జాతరకు చుట్టాలంతా దిగే ఆ మంగళవారమే నాకు ఏటా గండమని ఆయనకెలా తెలిసిందో! ఆ జాతర సాయంత్రం ఆయనకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లూ ఎత్తారు.