మాజీ సైనికులకు సాయపడేవాళ్లను సన్మానించడం ఎలా?

నవంబరు వచ్చిందంటే మాజీ సైనికుల ఇళ్లలో పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ హడావుడి మొదలవుతుంది. ఎనభై దాటిన హవల్దారు గారు బయోమెట్రిక్ పరికరం మీద వేలు పెడితే ముద్ర పడదు, గీతలు అరిగిపోయి ఉంటాయి. పక్కనున్న కుర్రాడు వేలు తుడిచి మళ్లీ పెట్టిస్తాడు. అదీ కుదరకపోతే పెద్దాయన్ని వెలుతురున్న గుమ్మంలో కూర్చోబెట్టి, ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని, "తాతయ్యా, ఒక్కసారి కళ్లు ఆర్పండి" అంటాడు. జీవన్ ప్రమాణ్ (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్) పూర్తయినట్టు మెసేజ్ వచ్చేదాకా అక్కణ్నుంచి కదలడు. ఇలాంటివాళ్లకు మీ సంఘమో, కాలనీయో, కాలేజీయో సన్మానం చేయాలనుకుంటే పని ఇలా మొదలుపెట్టండి.

1. మనుషుల్ని వెతకండి

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో, మాజీ సైనికుల సంఘంలో అడిగితే కొన్ని పేర్లు చెబుతారు. వాటితో ఆగిపోకండి. సంఘాన్ని అడిగితే సంఘం పదవుల్లో ఉన్నవాళ్ల పేర్లే ముందు వస్తాయి, అది మామూలే. సాయం పొందిన ఇళ్లకు వెళ్లండి. రక్షణ శాఖ పెన్షన్ వెబ్‌సైటు స్పర్శ్‌లో పని ఎవరు చేసిపెట్టారు? పాలీక్లినిక్‌కు తోడు ఎవరు వచ్చారు? ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఎవరు చూశారు? నాలుగిళ్లలో ఒకే పేరు వినిపిస్తే, మీరు వెతుకుతున్న మనిషి దొరికినట్టే. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలా తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊళ్లలో ఇది అరుగు మీద కూర్చుంటే తేలిపోతుంది. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో మాత్రం గడప గడపకూ తిరగక తప్పదు.

2. ముందుగా చెప్పి ఒప్పించండి

వేదిక ఎక్కడం ఇష్టం లేనివాళ్లు ఉంటారు. బలవంతం వద్దు. వాళ్లింటికే నలుగురు వెళ్లి పలకరించి రావచ్చు.

3. తేదీ చూసుకోండి

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి జరుపుతున్నారు. జనవరి 14 మాజీ సైనికుల దినోత్సవం. మన మొదటి భారతీయ కమాండర్ ఇన్ చీఫ్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన రోజది. కానీ మనకు అది సంక్రాంతి హడావుడి రోజు. పల్లెటూళ్లో అయితే అందరూ ఇంటిపట్టునే ఉంటారు, సెలవు మీద వచ్చిన జవాన్లు కూడా దొరుకుతారు, బ్రహ్మాండంగా కుదురుతుంది. నగరంలో అయితే హాలు ఖాళీ. అక్కడ డిసెంబరు 7నో, 1971 విజయానికి గుర్తుగా జరిపే డిసెంబరు 16 విజయ్ దివస్‌నో ఎంచుకోండి.

4. సన్మాన పత్రం మీద అసలు శ్రమ పెట్టండి

నా దృష్టిలో సన్మానమంటే ఇదే, మిగతాదంతా షామియానా. "సేవాతత్పరులు, నిస్వార్థజీవి" అని రాస్తే ఎవరికైనా అతుకుతుంది. చేసిన పని రాయండి. ఉదాహరణకు: "డిశ్చార్జ్ బుక్‌లో (సైన్యం నుంచి విడుదలయ్యేటప్పుడు ఇచ్చే పుస్తకం) ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉన్న భార్య పేరును సరిచేయించడానికి నాసిక్ రోడ్‌లోని రికార్డ్ ఆఫీసుకు వీరు ఉత్తరాలు రాశారు, రికార్డుల్లో మార్పును నమోదు చేసే పార్ట్ 2 ఆర్డర్ వచ్చేదాకా వదల్లేదు." ఇంటిపేరు ఒకచోట ఉండి ఇంకోచోట లేక పెన్షన్ కాగితాలు తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ వాక్యం విలువ తెలుసు.

అయితే ఫలానా ఇంట్లో పెన్షన్ ఆగిందని, ఫలానా ఆయనకు ఫలానా జబ్బని పేర్లతో చదవకండి. సాయం పొందినవాళ్ల పరువు కూడా మీ చేతిలోనే ఉంది.

5. శాలువా ఎవరు కప్పాలి?

ఎమ్మెల్యే గారికోసం రెండు గంటలు ఎదురుచూసే సభలు చాలానే చూశాం. సాయం అందుకున్న మాజీ సైనికుడో, సైనికుడి భార్యో కప్పితే సరిపోతుంది, మైకు కూడా వాళ్లకే ఇవ్వండి. పతకాలు పెట్టుకుని రమ్మని ముందే చెప్పండి. ఆహ్వానంలోనూ పిలుపులోనూ హోదాలు సరిగ్గా పడాలి. ఆనరరీ కెప్టెన్ గారిని ఉత్త సుబేదారని పిలిస్తే ఆయన పైకి ఏమీ అనరు గానీ మనసులో నొచ్చుకుంటారు. యుద్ధంలోనో, సైనిక చర్యలోనో భర్తను కోల్పోయినవారిని వీర నారి అంటారు. ఆ మాట అందరికీ వాడకండి.

6. ఏమిస్తే బాగుంటుంది?

గాజు మెమెంటోలు అటక ఎక్కుతాయి. ఆ కుర్రాడు ఆటోకు, జిరాక్స్‌కు, నెట్ రీఛార్జికి తన జేబులోంచే పెడుతుంటాడు. చేతికి డబ్బు కవరు ఇస్తే చిన్నబుచ్చుకోవచ్చు. బదులుగా ఒక ప్రింటర్, వేలిముద్రల పరికరం, ఏడాదికి సరిపడా కాగితం కొనిపెట్టండి. విద్యార్థి అయితే ఏ పని ఎంతకాలం చేశాడో వివరంగా రాసి సంఘం లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఇవ్వండి, ఉద్యోగ ఇంటర్వ్యూలో చూపించుకోగలిగేలా.

7. సభలోనే ఇంకో ఇద్దర్ని చేర్చండి

ఊళ్లో పనంతా ఒక్కడి నెత్తినే పడుతుంటే శాలువాతో ఆ బరువు తగ్గదు. భోజనాలకు లేచేలోపు ఒక నోటుబుక్కు తిప్పండి. వచ్చే నవంబరులో ఏ వీధి ఎవరు చూస్తారో, పాలీక్లినిక్‌కు ఏ వారం ఎవరు తోడెళ్తారో పేర్లు, ఫోన్ నంబర్లు అందులో రాయించండి. స్పర్శ్‌లో లాగిన్ అవడం దగ్గర్నుంచి పనంతా నేర్పే బాధ్యత మాత్రం సన్మానం అందుకున్నవారికే అప్పగించండి.