దుకాణానికో వెబ్‌సైట్ – 5వ పాఠం: కారం ఫోటో బరువు తగ్గాలి, ఎరుపు తగ్గకూడదు

పోయిన పాఠంలో సరుకుల పేజీ కట్టుకున్నాం. పేర్లు, ధరలు, తూకాలు ఎక్కించారు. ఇక ఫోటోలు. ఫోన్‌తో తీసి ఎక్కించేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. ఎక్కించాకే కస్టమర్ల నుంచి కాల్స్ మొదలవుతాయి. "మీ పేజీ తెరుచుకోవట్లేదండీ, తిరుగుతూనే ఉంది" అని ఒకరు. "ఫోటోలో ఎర్రగా నిగనిగలాడింది, వచ్చింది చూస్తే ఇటుక రంగులో ఉందేంటండీ" అని ఇంకొకరు. ఫోటో మీ ఫోన్ నుంచి సైటుకి చేరేలోపు దానికి ఏం జరిగిందో చూసుకుంటే రెండు ఫిర్యాదులూ రావు.

ఈ పాఠానికి నమూనాగా అరకిలో గుంటూరు కారం ప్యాకెట్టు తీసుకుంటున్నాను. మన ఊరి సరుకని మాత్రమే కాదు, డిజిటల్ ఫోటోల్లో ఎరుపు చాలా మొండి రంగు. ఎరుపుని లొంగదీస్తే మంగళగిరి చీర, కొండపల్లి బొమ్మ, గోంగూర పచ్చడి సీసా, ఏదైనా తేలికే.

ముందు లెక్క

మీ ఫోన్ డబ్బా మీద 50 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నా, మామూలు మోడ్‌లో చాలా ఫోన్లు నాలుగేసి పిక్సెళ్లను (ఫోటోలోని చిన్న చిన్న చుక్కల్ని) కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తాయి. అంటే సుమారు 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు. ఫైలు 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. పేజీలో పది సరుకులకు పది ఫోటోలు పెట్టారనుకోండి, ఫోటోకి 4 చొప్పున 40 ఎంబీ. సెకనుకి 10 మెగాబిట్ల వేగం వచ్చే మొబైల్ నెట్‌లో ఆ పేజీ పూర్తిగా దిగడానికి 32 సెకన్లు పడుతుంది. (ఎంబీని 8తో గుణించి వేగంతో భాగించండి. నెట్ వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు సైజుని బైట్లలో చెబుతారు, అందుకే ఆ 8.) బస్సులో బెంజి సర్కిల్ దాటుతూ మీ పేజీ తెరిచినావిడ 32 సెకన్లు ఆగుతుందా? గూగుల్ అయితే పేజీలోని ముఖ్యమైన బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపిస్తేనే బాగున్నట్టు లెక్కేస్తుంది.

పోనీ అంత పెద్ద ఫోటో వల్ల చూసేవాళ్లకి ఏమైనా లాభముందా అంటే, లేదు. ఫుల్ హెచ్‌డీ ఫోన్ తెర వెడల్పు 1080 పిక్సెళ్లే. 4000 పంపినా అందులో చూపించేది అంతే. కాబట్టి సరుకు ఫోటోకి 1200 పిక్సెళ్ల వెడల్పు చాలు. చీర నేత దగ్గరగా చూపించాలంటే 1600 పెట్టుకోండి. అంతకు మించి అక్కర్లేదు. 1200కి తగ్గించి కంప్రెస్ చేస్తే (అంటే ఫైలు బరువు తగ్గిస్తే) ఒక్కో ఫోటో 150 నుంచి 250 కేబీలోపు వస్తుంది. పదీ కలిపినా 2 ఎంబీ, 2.5 ఎంబీ. ఇందాకటి నెట్‌లోనే రెండు సెకన్ల పని.

తీసేటప్పుడే సగం పని

సాఫ్ట్‌వేర్‌తో బాగుచేద్దాంలే అని ఎలా పడితే అలా తీయకండి. ముందు లెన్స్ తుడవండి. కారం ప్యాక్ చేసిన చేత్తోనో, పచ్చడి కలిపిన చేత్తోనో ఫోన్ పట్టుకుంటాం, ఆ నూనె మరక లెన్స్ మీద ఉంటే ఫోటో అంతా మబ్బు పట్టినట్టు వస్తుంది.

తర్వాత వెలుతురు. ట్యూబ్‌లైటు ఆపేయండి. కిటికీ వెలుగు, ట్యూబ్‌లైటు కలిసి పడితే ఏది తెలుపో ఫోన్‌కి తేల్చుకోవడం రాదు, కారం ఒక పక్క నారింజగా, ఇంకో పక్క ఊదాగా వస్తుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య నేరుగా ఎండ పడని వరండాలో తీయండి. విజయవాడ మధ్యాహ్నపు ఎండలో తీస్తే మెరిసే ప్యాకెట్టు మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. స్టీలు పళ్లెం వద్దు, చుట్టుపక్కలవన్నీ అందులో కనపడతాయి. తెల్ల పింగాణీ పళ్లెం గానీ తెల్ల కాగితం గానీ పెడితే ఫోన్‌కి తెలుపు దొరుకుతుంది, రంగు సరిగ్గా పడుతుంది. అరిటాకు మీద పెడితే ఆకుపచ్చ పక్కన ఎరుపు ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. పండగ పోస్టర్‌కి బాగుంటుంది, సరుకు పేజీకి నేనైతే పెట్టను.

ఫోన్ కెమెరాలో ఫుడ్ మోడ్, ఏఐ మోడ్ లాంటివి ఆపేయండి. అవి ఎరుపుని ఉన్నదానికన్నా పెంచుతాయి. కారం విషయంలో ఇది ప్రమాదం కూడా. గుంటూరు జనానికి మిరప రకాల్లో తేజ రంగేదో, సన్నం రంగేదో, బ్యాడిగి రంగేదో తెలుసు. మరీ కుంకుమలా ఉన్న కారం ఫోటో చూస్తే "రంగు కలిపారేమో" అని మొదట అనుమానించేది వాళ్లే. కారంలో రంగు కలపడానికి చట్టం ఒప్పుకోదు. కలపని రంగుని ఫోన్ చేత కలిపించుకుని అనుమానం కొనితెచ్చుకోవడం ఎందుకు?

ఇంకొక్కటి. తెర మీద కారం కుప్పని వేలితో తాకండి. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కాస్త కిందికి జరపండి. ఫోటో ఒక పిసరు మసకగా అనిపించినా పర్లేదు. వెలుగు ఎక్కువైతే ఎరుపు హద్దు దాటిపోయి గింజ, తునక, పొడి తేడా తెలియకుండా ఒకే ముద్దలా వస్తుంది. అలా పోయిన వివరం తర్వాత ఏ యాప్‌తోనూ తిరిగి రాదు.

బరువు తగ్గించడం

దీనికి స్క్వూష్ (squoosh.app) అనే ఉచిత పనిముట్టు వాడదాం. గూగుల్ క్రోమ్ వాళ్లు 2018లో తెచ్చారు. యాప్ అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, లాగిన్ అడగదు. ముఖ్యంగా, మీ ఫోటో ఎక్కడికీ పోదు, పనంతా మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో జరుగుతుంది. కంప్యూటర్ ఉంటే అందులోనే చేయండి, తెర పెద్దది కాబట్టి తేడా కనపడుతుంది.

ఫోటో తెరవగానే మధ్యలో ఒక గీత ఉంటుంది. ఎడమవైపు అసలు ఫోటో, కుడివైపు తగ్గించినది. కుడివైపు ఆప్షన్లలో రీసైజ్ నొక్కి వెడల్పు 1200 అని కొట్టండి, ఎత్తు దానంతటదే సర్దుకుంటుంది. కింద కంప్రెస్ దగ్గర మోజ్‌జేపెగ్ (జేపెగ్ ఫోటో తయారుచేసే పద్ధతి) ఉంటుంది, అదే ఉంచండి. క్వాలిటీ 75. అడుగున కొత్త సైజు కేబీల్లో కనపడుతుంది. పచ్చళ్లు, బొమ్మలు, దుకాణం ముందు భాగం, ఇలాంటి ఫోటోలకి ఇక్కడితో అయిపోయింది. డౌన్‌లోడ్ చేసుకోండి.

కారానికి మాత్రం అవలేదు. ఎర్ర ప్యాకెట్టు మీద పసుపు అక్షరాలున్న చోటుని బాగా జూమ్ చేసి, మధ్య గీతను అటూ ఇటూ జరిపి చూడండి. కుడివైపు అక్షరాల అంచులు చెదిరి, పసుపు ఎరుపులోకి పాకినట్టు కనపడుతుంది. కారం కుప్పలో గింజల తునకలు కూడా మెత్తబడి ఉంటాయి. అదే తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు చూడండి, చక్కగా ఉంటాయి.

కారణం చెబుతాను, ఇది తెలిస్తే సెట్టింగు గుర్తుంటుంది. ఫోటోల్ని చిన్న ఫైళ్లుగా దాచే జేపెగ్ ప్రమాణం 1992 నాటిది. అది ఫోటోని రెండు భాగాలుగా విడదీస్తుంది: వెలుగునీడలు ఒకటి, రంగులు ఒకటి. మన కంటికి వెలుగునీడల తేడా తెలిసినంత బాగా రంగుల తేడా తెలియదు. అందుకని వెలుగునీడల్ని పిక్సెల్ పిక్సెల్‌కీ దాచి, రంగుని మాత్రం నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒక్కటే దాస్తుంది. ముగ్గు గీతలు ఓపిగ్గా వేసి, రంగు మాత్రం నాలుగేసి గడులకు ఒకే పిడికెడు చల్లినట్టన్నమాట. మామూలు ఫోటోల్లో గీతలే అంతా మోసేస్తాయి, మనకి తెలియదు. కానీ వెలుగు లెక్కలో ఆకుపచ్చకి దాదాపు 59 శాతం వాటా ఉంటే ఎరుపుకి 30 శాతమే. అంటే ముదురు ఎరుపులో వివరమంతా చాలావరకు రంగు భాగంలోనే ఉంటుంది. జేపెగ్ పొదుపు చేసేది సరిగ్గా అక్కడే.

కాబట్టి ఎర్ర సరుకుకి ఇలా చేయండి. మోజ్‌జేపెగ్ కింద అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరవండి. ఆటో సబ్‌శాంపుల్ క్రోమా అనే దాని పక్కన టిక్ ఉంటుంది, తీసేయండి. కింద ఒక స్లయిడర్ వస్తుంది, దాన్ని 1 దగ్గర పెట్టండి. ఇప్పుడు ప్రతి పిక్సెల్‌కీ దాని రంగు దానికే ఉంటుంది. మళ్లీ అక్షరాలు చూడండి, అంచులు కుదురుకున్నాయా? సైజు కాస్త పెరుగుతుంది. 180 కేబీ ఉన్నది 220 అయితే అవనివ్వండి, నాలుగు ఎంబీల నుంచి వచ్చాం కదా.

"వెబ్‌పీ వాడితే ఇంకా తగ్గుతుందట కదా" అని కొందరు అడుగుతారు. నిజమే. గూగుల్ 2010లో తెచ్చిన ఆ ఫార్మాట్ మామూలు ఫోటోల్ని జేపెగ్ కన్నా చిన్నగా చేస్తుంది, ఇప్పటి బ్రౌజర్లన్నీ చూపిస్తాయి. చిక్కేంటంటే, మామూలుగా వాడే వెబ్‌పీలో రంగుని నాలుగింటికి ఒకటిగా దాచడం తప్పనిసరి, ఆపే వీల్లేదు. స్క్వూష్‌లో దాని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో షార్ప్ అనే మాటతో ఒక టిక్ ఉంది, పెడితే కొంత నయం. నా మటుకు కారం, కుంకుమ, ఎర్ర చీరలకి జేపెగ్, మిగతా వాటికి వెబ్‌పీ వాడమంటాను. పీఎన్‌జీ అనే ఇంకో ఫార్మాట్ లోగోకి తప్ప వద్దు, ఫోటోని పీఎన్‌జీలో పెడితే జేపెగ్‌కి ఎన్నో రెట్లవుతుంది.

ఇంకొన్ని, త్వరగా

ఐఫోన్ వాడేవాళ్లకి: 2017 నుంచి వాటిలో ఫోటో హీక్ ఫార్మాట్‌లో పడుతుంది, క్రోమ్‌లో అది కనపడదు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకోండి.

అబ్బాయి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాడా? వాట్సాప్ ఒకసారి కంప్రెస్ చేసిన ఫోటోని మీరు మళ్లీ కంప్రెస్ చేస్తే మిగిలేది మసకే. డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైలు వస్తుంది. అయితే ఆ అసలు ఫైల్లో ఫోటో ఎక్కడ తీశారో లొకేషన్ కూడా ఉండొచ్చు. ఇంట్లోనే కారాలు పట్టించి అమ్ముకునే ఆడవాళ్లు ఇది గమనించాలి. బ్రాడీపేటలో మీ ఇల్లు ఏ వీధిలో ఉందో ఫోటోలోంచి అందరికీ తెలియాల్సిన పని లేదు. స్క్వూష్ నుంచి దించుకున్న ఫైల్లో ఆ సమాచారం ఉండదు, కాబట్టి అసలు ఫైలుని నేరుగా ఎప్పుడూ ఎక్కించకండి.

ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలేయకండి. guntur-karam-500 అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో అడ్డగీతలతో పెట్టండి. తెలుగులో పెట్టినా పనిచేస్తుంది గానీ, ఆ లింకు కాపీ చేసి ఎవరికైనా పంపితే ఒక్క 'క' తొమ్మిది గుర్తులుగా మారిపోతుంది. వాట్సాప్‌లో అది చూసినవాళ్లు వైరస్ అనుకుంటారు.

తెలుగు రాయాల్సింది ఆల్ట్ టెక్స్ట్‌లో. ఫోటో ఎక్కించే చోట ఆ పేరుతో ఒక గడి ఉంటుంది. చూపు లేనివాళ్లకి ఫోన్ చదివి వినిపించేది అదే, ఫోటో దిగకపోతే తెర మీద కనిపించేదీ అదే. "కారం" అని ఊరుకోకుండా, "అరకిలో గుంటూరు సన్నం కారం ప్యాకెట్టు, పక్కన పళ్లెంలో కారం" అని రాయండి. ప్యాకెట్టు వెనక ఉండే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, నికర తూకం, ఎంఆర్‌పీలను ఫోటోలో చూసుకోమని వదిలేయకుండా పేజీలో అక్షరాల్లోనే టైపు చేయండి.

సైటు కట్టుకోవడానికి వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, 2019 నుంచి అది 2560 పిక్సెళ్లకి మించిన ఫోటోల్ని తనే తగ్గిస్తోంది, 2020 నుంచి కింద ఉన్న ఫోటోల్ని అక్కడిదాకా జరిపాకే దించుతోంది. ఇదంతా ఉంది కదా అని అసలు ఫైళ్లు ఎక్కించకండి. మీ హోస్టింగ్ స్థలంలో (సైటు ఫైళ్లు ఉండే చోట) అసలు ఫైలు కూడా అలాగే కూర్చుంటుంది.

అభ్యాసం

ఒకే కారం ప్యాకెట్టుని మూడు రకాలుగా ఎక్కించి చూడండి: అసలు ఫైలు, 1200కి తగ్గించిన మామూలు జేపెగ్, టిక్ తీసేసిన జేపెగ్. మూడింటికీ వేరే వేరే పేజీలు చేయండి. తర్వాత ఫోన్‌లో వైఫై ఆపేసి, ఇన్‌కాగ్నిటో విండోలో ఒక్కోటీ తెరవండి. ఇన్‌కాగ్నిటో ఎందుకంటే, మామూలు విండోలో ఒకసారి దిగిన ఫోటో ఫోన్‌లోనే దాచి ఉంటుంది, రెండోసారి ఎలాగూ వేగంగానే వస్తుంది. తర్వాత ప్యాకెట్టు చేతిలో పట్టుకుని, వరండాలో తెర పక్కన పెట్టి రంగు పోల్చండి. మీకు అలవాటైన రంగు కాబట్టి మీ కన్ను సర్దుకుపోతుంది, ఇంట్లో ఇంకొకరి చేత కూడా చూపించండి. తేడా ఉందంటే సూర్యుడి గుర్తు దగ్గరికి వెళ్లి మళ్లీ తీయండి. పరీక్ష అయ్యాక మొదటి రెండు పేజీలూ తీసేయడం మర్చిపోవద్దు.

వచ్చే పాఠంలో ఆర్డరు ఫారం, యూపీఐ క్యూఆర్ పెడదాం. అప్పటికి మీ దుకాణం పేరు మీదున్న బ్యాంకు ఖాతాకి యూపీఐ ఐడీ తీసి ఉంచుకోండి.