గ్రాఫును బొమ్మగా సేవ్ చేయడం ఎలా? అచ్చులోనూ చదవగలిగేలా ఉండాలంటే

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విద్యార్థులు తమ ఎమ్మెస్సీ ప్రాజెక్టు రిపోర్టులను చూసి పెట్టమని తరచుగా నా దగ్గరికి తెస్తుంటారు. వాటిలో బోరు నీళ్లలోని ఫ్లోరైడు మీద చేసినవే ఎక్కువ. ఎండలో ఊరూరూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చి, ల్యాబులో ఓపికగా కొలిచి రాబట్టిన ఫలితం చివరికి మసకబారిన గ్రాఫుగా అచ్చవడం బాధాకరం. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని చూపే గీత ఏదో, దాన్ని దాటిన బోర్లు ఏవో పాఠకుడికి తెలియనప్పుడు ఆ గ్రాఫు ఉండీ ప్రయోజనం లేదు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, అందులో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీ ఉంటే చాలు. ఎక్సెల్‌లో గీసి స్క్రీన్‌షాట్ తీసే పద్ధతిని వదిలేయండి. స్క్రీన్ మీద ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో అన్నే స్క్రీన్‌షాట్‌లోకి వస్తాయి, అవి అచ్చుకు సరిపోవు. అంతేకాక, ఒక బోరు విలువను సరిదిద్దవలసి వచ్చినప్పుడు స్క్రిప్టును, అంటే గ్రాఫు గీయమని రాసిన ఆదేశాల ఫైలును, మళ్లీ నడిపితే అన్ని గ్రాఫులూ అదే కొలతలో, అదే అక్షరాలతో తిరిగి తయారవుతాయి. చేత్తో లాగి సరిచేసిన గ్రాఫులకు ఆ సౌకర్యం లేదు.

సేవ్ చేసిన ఫైలు తెల్లగా, ఖాళీగా వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: గ్రాఫును తెరమీద చూపే ‘షో’ ఆదేశాన్ని ముందు, ఫైలుగా భద్రపరిచే ‘సేవ్‌ఫిగ్’ను తరువాత రాశారు. గ్రాఫు కిటికీని మూసినప్పుడు అందులోని బొమ్మ కూడా పోతుంది, ఆ తరువాత వచ్చే సేవ్‌ఫిగ్ ఒక కొత్త ఖాళీ బొమ్మను సృష్టించి దాన్నే భద్రపరుస్తుంది. పైథాన్ ఆదేశాలను సెల్ అనే ముక్కలుగా రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో ఒక సెల్‌లో గీసి, తరువాతి సెల్‌లో సేవ్ చేసినా ఇదే జరుగుతుంది. కాబట్టి ముందు సేవ్ చేసి, ఆ తరువాతే చూడండి. ఫైలే కనిపించకపోతే, స్క్రిప్టు ఏ ఫోల్డరు నుంచి నడిచిందో అక్కడ వెతకండి.

అసలు చిక్కంతా కొలత దగ్గర ఉంది, ఇక్కడ తొందరపడకండి. గ్రాఫు గీయడానికి ముందే అది కాగితం మీద ఎన్ని అంగుళాల వెడల్పులో అచ్చవుతుందో నిర్ణయించాలి. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలు. బైండింగ్ కోసం ఎడమవైపు 1.5, కుడివైపు 1 అంగుళం వదిలితే మిగిలేది సుమారు 5.75 అంగుళాలు. గ్రాఫు కొలతను చెప్పే ‘ఫిగ్‌సైజ్’లో వెడల్పుగా ఆ 5.75నే ఇవ్వాలి. ఎత్తు 3.5 అంగుళాలు చాలు, అంతకు మించితే పేజీ వృథా.

చాలామంది చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. స్క్రీన్ మీద పెద్దగా కనిపించాలని 12 అంగుళాల వెడల్పుతో గీసి, వర్డ్‌లో మూల పట్టుకుని 5.75 అంగుళాలకు, అంటే సగానికన్నా తక్కువకు, కుదిస్తారు. అప్పుడు గీతలతోపాటు అక్షరాలు కూడా కుదించుకుపోయి, 10 పాయింట్లు ఉండవలసిన అక్షరం 5 పాయింట్లకన్నా చిన్నదవుతుంది. అచ్చులో చదవలేకపోతున్నామని తెలిశాక డీపీఐని 300 నుంచి 600కు, అక్కడి నుంచి 1200కు పెంచుతారు. డీపీఐ అంటే ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు అన్న లెక్క మాత్రమే. దాన్ని ఎంత పెంచినా అక్షరం నున్నగా అవుతుంది కానీ పెద్దది కాదు, ఫైలు మాత్రం బరువెక్కుతుంది. చిన్న అక్షరాలకు మందు ఫిగ్‌సైజ్‌లోనే ఉంది. సేవ్‌ఫిగ్‌లో డీపీఐ ఏదీ ఇవ్వకపోతే సాధారణంగా 100 మాత్రమే ఉంటుంది, అది అచ్చుకు చాలదు కాబట్టి 300 ఇవ్వండి. అప్పుడు 5.75 అంగుళాల గ్రాఫు 1725 పిక్సెళ్ల వెడల్పుతో వస్తుంది, అంతకు మించి అవసరం లేదు.

ఇక్కడే ఇంకొక ప్రమాదం ఉంది. అక్షాల పేర్లు అంచున తెగిపోతున్నాయని సేవ్‌ఫిగ్‌లో ‘బీబాక్స్ ఇంచెస్’కు ‘టైట్’ పెట్టమని అందరూ సలహా ఇస్తారు. అది ఖాళీ అంచులను కత్తిరించి, పక్కకు జారినవాటిని లోపలికి తీసుకుంటుంది, కానీ ఆ క్రమంలో మీరు నిర్ణయించిన 5.75 అంగుళాలు మారిపోతాయి. ఒక గ్రాఫు 5.4, ఇంకొకటి 6.1 అంగుళాలుగా వస్తే, వాటిని వర్డ్‌లో ఒకే వెడల్పుకు సరిచేసేటప్పుడు ఒక్కొక్క గ్రాఫులో అక్షరం ఒక్కొక్క పరిమాణంలో ఉంటుంది. నేను టైట్‌ను వాడనివ్వను. గ్రాఫును సృష్టించేటప్పుడే ‘లేఅవుట్’కు ‘కన్‌స్ట్రెయిన్డ్’ ఇస్తే, బయటి కొలత మారకుండా లోపలి గ్రాఫే కొద్దిగా కుదించుకుని పేర్లకూ, ఏ గీత దేనిదో చెప్పే లెజెండ్‌కూ చోటిస్తుంది.

ఫైలు రకం సంగతి సులభం. వర్డ్‌లో పెట్టేవాళ్లకు పీఎన్‌జీ, రిపోర్టును లేటెక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో కూర్చేవాళ్లకు పీడీఎఫ్. పీడీఎఫ్‌లో గీతలు గీతలుగానే ఉంటాయి కాబట్టి ఎంత పెద్దది చేసినా మసకబారవు. జేపీజీని ఫోటోల కోసం తయారుచేశారు. గ్రాఫుకు వాడితే సన్నని గీతల చుట్టూ, అక్షరాల చుట్టూ మరకల్లాంటి మసక చేరుతుంది, ఆ తరువాత దాన్ని పీఎన్‌జీగా మార్చినా ఆ మసక పోదు.

సరిగ్గా సేవ్ చేసిన ఫైలును దారిలో పాడుచేసేవి రెండు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది బొమ్మను కుదించి జేపీజీగా మారుస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గానే పంపాలి. వర్డ్ కూడా సేవ్ చేసేటప్పుడు బొమ్మల రిజల్యూషన్‌ను తగ్గిస్తుంది, అందుకే ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, ‘డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్’ అన్న గడిలో టిక్కు పెట్టిన తరువాతే బొమ్మను ఇన్సర్ట్ చేయాలి.

మండలాల పేర్లను తెలుగులో రాయాలనుకునేవాళ్లకు ఒక మాట. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావు ఫాంటులో తెలుగు లేదు, అందుకే అక్షరాల బదులు గడులు కనిపిస్తాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెడితే గడులు పోయినా, చాలామంది దగ్గరున్న వెర్షన్లలో ఒత్తులు సరిగా కూర్చోవు, ‘నల్గొండ’లోని గకార ఒత్తు విడిపోతుంది. దీనికి నమ్మదగిన ఉపాయం ఉంది: మ్యాట్‌ప్లాట్‌లిబ్ సెట్టింగుల్లో ‘ఎస్‌వీజీ డాట్ ఫాంట్‌టైప్’కు ‘నన్’ అని ఇచ్చి, పీడీఎఫ్‌లాగే గీతలను గీతలుగా ఉంచే ఎస్‌వీజీ రకం ఫైలుగా సేవ్ చేస్తే అక్షరాలు అక్షరాలుగానే మిగులుతాయి, దాన్ని ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు సరిగ్గా కనిపిస్తాయి. అక్కడి నుంచి 300 డీపీఐతో పీఎన్‌జీగా ఎగుమతి చేసుకోవచ్చు.

చివరగా, రిపోర్టు మొత్తాన్ని జిరాక్స్ సెంటర్‌కు ఇచ్చే ముందు గ్రాఫు ఉన్న ఒక్క పేజీని నలుపు తెలుపులో అచ్చు వేయించి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ గీతలు రెండూ ఒకే బూడిద రంగులోకి మారితే, ఒకదాన్ని నిండు గీతగా, ఇంకొకదాన్ని చుక్కల గీతగా మార్చి మళ్లీ సేవ్ చేయండి. స్క్రిప్టులో మార్చవలసింది ఒక్క పదమే.