గాన్సీ అల్లిక – 4వ పాఠం: అర కుట్టు తేడా

ఈ పాఠంలో గాన్సీ (అంటే బ్రిటన్ జాలర్ల ఊలు స్వెటర్) ఛాతీ మీద డిజైన్ మొదలుపెడదాం అనుకున్నాను. కుదిరేలా లేదు. పోయినసారి 320 కుట్లు వేసుకుని, గుండ్రంగా కలిపి, కింది అంచు అల్లుకుని రమ్మన్నాను. మీరు పంపిన ఫొటోలు చూస్తే చాలామందికి అంచు మెలిపడింది. మెలిపడని వాళ్లలో కూడా ఎక్కువమందికి 40 అంగుళాలు రావాల్సిన చుట్టుకొలత 43 దగ్గరో 44 దగ్గరో తేలింది. ఒకావిడైతే "ఇందులో మా ఆయన, మా మరిది ఇద్దరూ పట్టేలా ఉన్నారు" అని రాశారు. ఈ రెండూ తేల్చకుండా ముందుకు పోతే నడుము దాటాక మొత్తం విప్పుకోవాలి. అందుకని డిజైన్ ఆఖర్లో కొంచెం రుచి చూపిస్తాను, అంతే.

మెలిక సంగతి త్వరగా ముగిద్దాం. మొదటి రౌండ్ (ఒక పూర్తి చుట్టు) పూర్తయ్యేలోపు కనిపెడితే, కలిపినచోట ఆ మెలికను రెండు సూదుల మధ్యకు తెచ్చి తిప్పేయొచ్చు. అది దాటితే విప్పడమే. మధ్యలో ఏ మంత్రమూ లేదు. మూడు అంగుళాలు అల్లేశాను, ఏదో ఒకటి చెప్పండి అని అడిగినవాళ్లకు కూడా ఇదే జవాబు.

కానీ మెలిపడే అవకాశమే లేని పాత పద్ధతి ఒకటుంది. నిజం చెప్పాలంటే నాకు అదే ఇష్టం. బ్రిటన్ తీరంలో చాలా ఊళ్ల గాన్సీలకు కింది అంచు రెండు ముక్కలుగా ఉంటుంది: ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి, పక్కల చీలిక. 160 కుట్లతో ఒక పీలిక అల్లండి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నిట్టే (మన వైపు నున్నగా కనబడే మామూలు కుట్టు). రెండు అంగుళాలు రాగానే దారం తెంపి పక్కన పెట్టి, అలాంటిదే ఇంకొకటి అల్లండి. ఇప్పుడు రెండింటినీ ఒకే సర్క్యులర్ సూది (రెండు కొనల మధ్య తీగ ఉండే సూది) మీదికి తీసుకుని గుండ్రంగా కలపండి. సూది కింద రెండు అంగుళాల గుడ్డ వేలాడుతుంటుంది కాబట్టి మెలిక ఉంటే కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ చీలిక వల్ల వంగినా కూర్చున్నా స్వెటర్ తుంటి దగ్గర పట్టేయదు. కొందరు కలిపేచోట పీలికల అంచులు కాస్త ఒకదాని మీద ఒకటి వేసి అల్లుతారు. నాకు ఆ ఓపిక లేదు, పక్కపక్కన పెట్టి కలిపేస్తాను.

ఇక అసలు గొడవ.

అంగుళానికి 8 కుట్లు రావాలని రెండో పాఠంలోనే చెప్పాను. నమూనా ముక్క అల్లి చూసుకోమన్నాను. అల్లారు. రెండు సూదులతో చదరంగా, స్వెటర్ల క్లాసులో నేర్పినట్టు అల్లారు. గాన్సీ అలా అల్లేది కాదు కదా! ఇందులో ఒళ్లంతా గుండ్రంగా, ఎప్పుడూ బయటి వైపు చూస్తూనే అల్లుతాం. ప్లెయిన్ భాగంలో పర్ల్ (నిట్‌కు తిరగబడింది, మన వైపు గట్టులా లేచే కుట్టు) వరసే ఉండదు. చదరంగా అల్లితే ఒక వరస నిట్, ఒక వరస పర్ల్. మనలో చాలామందికి పర్ల్ వేసేటప్పుడు దారం కాస్త వదులవుతుంది. దాంతో చదరపు ముక్క ఒక లెక్క చెబుతుంది, గుండ్రంగా అల్లే గుడ్డ ఇంకో లెక్క చెబుతుంది. చదరపు ముక్కలో 7 వచ్చిన మనిషికి గుండ్రంగా అల్లితే ఏడున్నర రావచ్చు. ఆ 7ను నమ్మి 40 అంగుళాలకు 280 కుట్లు వేసుకుంటే స్వెటర్ 37 అంగుళాల పైచిలుకుతో ఆగిపోతుంది. తల దూరుతుంది, ఛాతీ పట్టదు.

మీలో ఎక్కువమందికి జరిగింది దీనికి తిరగబడిన కేసు. నమూనా కొలతను పట్టించుకోకుండా నేను చెప్పిన 320 వేసేసుకున్నారు, చెయ్యి వదులు. ఏడున్నర చొప్పున 320 కుట్లు అంటే 42 అంగుళాల మీద దాదాపు ముప్పాతిక. 7 చొప్పున అయితే దాదాపు 46. అర కుట్టు అంటే చిన్న విషయంలా అనిపిస్తుంది. 320 చోట్ల పేరుకుంటే రెండున్నర అంగుళాలు దాటుతుంది.

ఇంతవరకు అందరికీ అర్థమైంది. నాకు చికాకు తెప్పించింది దీనికి మీరు కనిపెట్టిన విరుగుడు. "మాకు ఏడున్నర వస్తోంది కాబట్టి 300 కుట్లు వేసుకుంటాం, 40 అంగుళాలు సరిగ్గా వస్తాయి కదా?" అని నలుగురు నాలుగు రకాలుగా అడిగారు. వస్తాయి. కొలత సరిపోతుంది, గుడ్డ మాత్రం గాన్సీ కాదు. మామూలు స్వెటర్‌కు ఆ లెక్క చాలు. గాన్సీకి చాలదు. ఎందుకో కొంచెం విడమరిచి చెబుతాను, ఈ ఒక్కటీ పట్టుబడితే మిగతా పాఠాలు నల్లేరు మీద నడకే.

దీనికి వాడే ఊలు 5 ప్లై (ఐదు పోగులు పేనింది), వర్‌స్టెడ్ పద్ధతిలో వడికినది. అంటే పోగుల్ని దువ్వి, ఒకే దిశలో పేర్చి, గట్టిగా పురి పెట్టి తీసిన దారం. చేత్తో పట్టుకుంటే నున్నగా, కాస్త బిరుసుగా ఉంటుంది. దీన్ని సన్న సూదుల మీద బిగించి అల్లితే కుట్టూ కుట్టూ ఒరుసుకుని గాలి దూరే సందు మిగలదు. నీటి తుంపర కూడా వెంటనే లోపలికి ఇంకదు. ఉత్తర సముద్రంలో హెర్రింగ్ చేపల వేటకు వెళ్లేవాళ్లకు కావలసింది అదే. ఒంటికి అతుక్కుని ఉండాలి, వలకీ తాడుకీ తగులుకోకూడదు. చాలావాటిలో చేతులు మణికట్టు దాకా రాకుండా కాస్త పైనే ఆగిపోతాయి. తడిసిన అంచు రోజంతా చర్మాన్ని ఒరిస్తే పుండు పడుతుంది మరి. ముందూ వెనకా ఒకేలా అల్లేవారు, ఎటు తిప్పి వేసుకున్నా పనికొస్తుంది, ఒకేచోట అరిగిపోదు. చేతుల్ని భుజం దగ్గర కుట్లు ఎత్తుకుని కిందికి అల్లేది కూడా ఊరికే కాదు. మోచేయి చిరిగితే మణికట్టు నుంచి పైకి విప్పుకుంటూ వెళ్లి, కొత్త దారంతో మళ్లీ కిందికి అల్లేయొచ్చు. భుజం దగ్గర మొదలైన అల్లికను అటువైపు నుంచి విప్పలేం.

దీని అందమంతా ఈ లెక్కల్లోంచే వచ్చింది. ఛాతీ మీది గళ్లూ నిచ్చెనలూ కత్తితో గీసినట్టు కనబడటానికి కారణం కూడా ఆ బిగువే. ఒకే రంగు దారం, చాలాసార్లు ముదురు నీలం, నిట్టూ పర్లూ తప్ప ఇంకేమీ లేదు. కుట్టు వదులైతే పర్ల్ గట్టు లేవదు, నీడ పడదు, డిజైన్ చచ్చిపోతుంది. మెత్తటి మెరినో ఊలుతోనో యాక్రిలిక్‌తోనో అల్లొచ్చా అని అడిగినవాళ్లకు జవాబు కూడా ఇందులోనే ఉంది. చెయ్యి అలవాటు చేసుకోవడానికి యాక్రిలిక్ పర్లేదు. అది గాన్సీలా నిలబడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. అన్నట్టు, విశాఖలో దీన్ని వేసుకుంటే ఉడికిపోతారు. అబర్డీన్‌లోనో లీడ్స్‌లోనో ఉన్న మీ అబ్బాయికి పంపండి.

కాబట్టి కుట్ల సంఖ్య మార్చకండి, సూది మార్చండి. 2.25 మి.మీ. సూదితో ఏడున్నర వస్తుంటే 2 మి.మీ.కి దిగండి. అప్పటికీ రాకపోతే ఇంకా సన్నానికి. చేతిని బలవంతంగా బిగించి అల్లకండి, భుజం నొప్పి తప్ప ఏమీ మిగలదు, పైగా కాస్త మాటల్లో పడగానే చెయ్యి మళ్లీ వదులవుతుంది. పాతకాలం ఆడవాళ్లు నడుము బెల్టులో కుడివైపు ఒక చెక్క దోపుకుని, దాని చివరి రంధ్రంలో పొడవాటి ఉక్కు సూదిని గుచ్చి నిలబెట్టేవారు. సూది బరువు చేతి మీద ఉండదు. కుడిచేతికి దారం విసరడం ఒక్కటే పని. వేగం, బిగువు రెండూ అలా వచ్చేవి. ఆ చెక్కల్ని పెళ్లి చేసుకోబోయే అబ్బాయిలు నగిషీ చెక్కి కానుకగా ఇచ్చేవారట. మీకు చెక్క దొరక్కపోతే పొడవాటి సూదిని కుడి చంకలో ఇరికించుకుని ప్రయత్నించండి. వెదురు సూదులు నాకు పడవు. ఈ బిగువుకు దారం వాటిమీద జారదు.

నమూనా ఎలా అల్లాలో ఇప్పుడైనా వినండి. 96 కుట్లతో ఒక గొట్టం. గుండ్రంగా, అన్నీ నిట్, నాలుగు అంగుళాలు. గోరువెచ్చని నీళ్లలో నాననిచ్చి, తువ్వాలులో చుట్టి అదిమి, నేల మీద పరిచి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాకే కొలవాలి, సూది మీద ఉండగా కొలిచిన కొలత కొలతే కాదు. గొట్టాన్ని లాగకుండా పడుకోబెట్టి వెడల్పు చూడండి. 15.2 సెం.మీ. వస్తే అంగుళానికి 8, మీరు పాసయ్యారు. 16.3 వస్తే ఏడున్నర. 17.4 వస్తే 7. తేడా సెంటీమీటరే కదా అని సర్దుకుపోయేవాళ్లు పైన రాసిన 42, 46 లెక్క మళ్లీ చదవండి. ఇంకో పరీక్ష: గొట్టం నోరు తెరిచి ఒక పొరను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. జల్లెడలా చుక్కలు కనబడితే సూది మార్చాల్సిందే.

మునిగిపోయిన జాలరి శవాన్ని గాన్సీ డిజైన్ చూసి ఏ ఊరివాడో గుర్తుపట్టేవారట కదా అని చాలామంది అడిగారు. నేను ఇన్నాళ్లూ ఆ కథ ఎందుకు చెప్పలేదంటే, అది నిలవదు కాబట్టి. ఊరికో ఇష్టమైన డిజైన్ ఉండేమాట నిజమే. కానీ హెర్రింగ్ గుంపుల వెంట స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న షెట్లాండ్ నుంచి ఇంగ్లండ్ తూర్పు తీరంలోని యార్‌మత్ దాకా దిగుతూ, చేపలు కోసి పీపాల్లో పేర్చే ఆడపిల్లలుండేవారు. ముగ్గురు ముగ్గురుగా జట్టు, ఇద్దరు కోసేవాళ్లు, ఒకరు పేర్చేవారు. కత్తి గాటుకీ ఉప్పుకీ వేళ్లకు గుడ్డ పేలికలు చుట్టుకునేవారు. పడవలు రానంతసేపు నిలబడీ నడుస్తూ కూడా అల్లుతూనే ఉండేవారు. పక్కమ్మాయి చేతిలో బాగున్న డిజైన్ కనిపిస్తే ఊరుకుంటారా? పెళ్లయి ఇంకో ఊరు వెళ్లిన అమ్మాయి తన పుట్టింటి డిజైన్ మరిచిపోతుందా? అలా అన్నీ కలిసిపోయాయి. 1904లో డబ్లిన్‌లో ఆడిన, ఐరిష్ రచయిత జె.ఎం. సింగ్ నాటికలో మునిగిపోయిన సోదరుణ్ణి బట్టల్ని బట్టి గుర్తుపడతారు. అక్కడ గుర్తుపట్టింది స్వెటర్ కాదు, మేజోడు. డిజైన్ వల్ల కూడా కాదు, అల్లినామె జారవిడిచిన నాలుగు కుట్ల వల్ల. గుర్తు కోసమే అయితే జాలర్ల ఇళ్లలో సూటి పద్ధతే ఒకటుంది: అంచుకు కాస్త పైన ప్లెయిన్ భాగంలో పర్ల్ కుట్లతో పేరు మొదటి అక్షరాలు వేసేవారు.

మీరూ వేయండి, ఇప్పుడే వేయాలి, అంచు దాటగానే. ఇంగ్లీషు అక్షరమైతే ఐదు కుట్ల వెడల్పులో ఒదిగిపోతుంది. తెలుగు అక్షరం గుండ్రం కాబట్టి కనీసం తొమ్మిది కావాలి. గ, ర, ల లాంటివి కుదురుతాయి. ఝాన్సీ గారు మాత్రం ఇంటిపేరుతో సరిపెట్టుకోండి. గళ్ల కాగితం మీద గీసేటప్పుడు అక్షరాన్ని ఒకటిన్నర రెట్లు నిలువుగా సాగదీయండి. కుట్టు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. కాగితం మీద అందంగా ఉన్న సున్నా స్వెటర్ మీదికొచ్చేసరికి అణిగిపోతుంది.

డిజైన్ రుచి చూపిస్తానన్నాను కదా. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో బెట్టీ మార్టిన్ అని పిలిచేది ఒకటుంది, అన్నిటికన్నా తేలిక. 1, 2 రౌండ్లు: రెండు నిట్, రెండు పర్ల్, చివరిదాకా. 3, 4 రౌండ్లు: అన్నీ నిట్. అంతే, మళ్లీ మొదటికి. కుట్ల సంఖ్య 4తో భాగించబడాలి, 96 అవుతుంది, 320 కూడా అవుతుంది. చార్టు (డిజైన్ గీసిన గళ్ల కాగితం) చదవడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను, ప్రతి రౌండూ కుడి నుంచి ఎడమకే.

అభ్యాసం. కొలత సరిపోయిన సూదితో ఇంకో 96 కుట్ల గొట్టం వేసి బెట్టీ మార్టిన్ పన్నెండు సార్లు అల్లండి. తర్వాత రెండు పీలికల అంచు, 320 కుట్ల కలయిక, అక్షరాలు. కలిపిన రౌండ్ నుంచి 1వ కుట్టు, 161వ కుట్టు ప్రతిసారీ పర్ల్ వేయండి. అవి పక్క గుర్తులు, చంక దగ్గర డైమండ్ ముక్క మొలిచేది వాటి దగ్గరే, మరిచిపోతే వచ్చే పాఠం మీకు పనికిరాదు. ఐదో పాఠానికి వచ్చేసరికి అంచు పైన 12 అంగుళాల ప్లెయిన్ అయిపోయి ఉండాలి. అంగుళానికి 11 రౌండ్లు వేసుకున్నా 42 వేల కుట్లు దాటతాయి. డిజైన్ ఏమీ లేదు కాబట్టి టీవీ చూస్తూ లాగించేయొచ్చు, వారానికోసారి మాత్రం వెడల్పు కొలవండి. సీరియల్‌లో టెన్షన్ పెరిగినప్పుడు కుట్లు బిగుస్తాయి.