యూరప్‌లో ఒంటరి సైకిల్ యాత్ర: ఆరు కిలోల సామానుతో పాసావ్ నుంచి బుడాపెస్ట్ దాకా ఎలా వెళ్లాలి?

సైకిల్ మీద దూరప్రయాణం అనుకోగానే చాలామంది ముందు బ్యాగులు, టెంట్లు కొనడం మొదలుపెడతారు. కొనుగోళ్లు కాస్త ఆగనివ్వండి. సామాను ఎంత తగ్గించుకోగలమో తేల్చేది మనం ఎంచుకున్న దారే. తిండి, నీళ్లు, పడక, రిపేరు షాపు ఎంత దూరంలో దొరుకుతాయో ముందే తెలిస్తే, ఎందుకైనా మంచిదని మోసే బరువంతా ఇంట్లోనే ఉండిపోతుంది.

1. ముందు దారి తేల్చుకోండి

మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లను నేను డాన్యూబ్ నది వెంటే వెళ్లమంటాను. అట్లాంటిక్ తీరం నుంచి నల్లసముద్రం దాకా సాగే యూరోవెలో 6 అనే సైకిల్ మార్గంలో ఇదొక భాగం. జర్మనీ సరిహద్దు ఊరు పాసావ్ నుంచి వియన్నాకు సుమారు 320 కి.మీ., అక్కణ్నుంచి బ్రాటిస్లావాకు దాదాపు 70, ఆపైన బుడాపెస్ట్‌కు మరో రెండున్నర వందలు. రోజుకు 60 కి.మీ. చొప్పున, మధ్యలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నా రెండు వారాల్లో హాయిగా అయిపోతుంది. ఆస్ట్రియాలో దారంతా నది పక్కనే దాదాపు చదునుగా సాగుతుంది. అరగంటో గంటో తొక్కితే ఏదో ఒక ఊరు తగులుతుంది.

పడమర నుంచి తూర్పుకే వెళ్లండి. అక్కడ ఎక్కువగా పడమటి గాలి వీస్తుంది. అది మన వీపును తోస్తుంది, నది కూడా అటే దిగుతుంది.

పాసావ్ దాటాక ష్లోగెన్ దగ్గర నది వచ్చిన దారినే వెనక్కి తిరిగినట్టు పెద్ద మెలిక తిరుగుతుంది. మొదటి రాత్రికి అక్కడ ఆగడం మంచిది. తర్వాత లింజ్, గ్రైన్, మెల్క్. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న 35 కి.మీ. వాహావు లోయను మాత్రం ఒక్క పూటలో దాటేయకండి. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన చోటు ఇది. ఒక పక్క ద్రాక్షతోటల మెట్లు, ఇంకో పక్క జల్దారు (ఆప్రికాట్) తోటలు. ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్‌ను 1192లో బంధించిన డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలాలు కూడా ఈ దారిలోనే కొండమీద కనిపిస్తాయి. హంగరీలోకి వెళ్లాక కొన్నిచోట్ల వాహనాలతో పాటు మామూలు రోడ్డు మీదే తొక్కాలి. అక్కడ రోజువారీ దూరం కాస్త తగ్గించి వేసుకోండి.

మే మధ్య నుంచి జూన్ దాకా, లేదంటే సెప్టెంబరు మంచి కాలం. నదికి వరద వస్తే ఒడ్డునున్న దారి మునుగుతుంది. 2024 సెప్టెంబరులో దిగువ ఆస్ట్రియాలో పెద్ద వరదలే వచ్చాయి. బయల్దేరే ముందు ఒకసారి పరిస్థితి చూసుకోండి.

2. వీసా

దారిలో వచ్చే జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ నాలుగూ షెంజెన్ అనే ఉమ్మడి వీసా ప్రాంతంలోవే, ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతామో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. ఈ దారిలో అది ఆస్ట్రియా అవుతుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. తేదీ, ఊరు, కిలోమీటర్లు, బస వివరాలతో ఒక పేజీ పట్టిక రాసి జతచేయండి. సైకిల్ మీద వెళ్తున్నానని దాచాల్సిన పనే లేదు. బసకు రద్దు చేసుకునే వీలున్న బుకింగులు పెట్టండి.

3. ఇప్పుడు సామాను

వంటింటి త్రాసు తెచ్చుకుని ప్రతి వస్తువునూ తూచి కాగితం మీద రాయండి. ఒంటిమీది బట్టలు, తిండి, నీళ్లు కాకుండా ఆరు కిలోలు దాటకూడదు. నా లెక్క ఇలా ఉంటుంది: ఒక్కరి టెంటు కిలో, స్లీపింగ్ బ్యాగ్ 700 గ్రాములు, గాలి పరుపు 400, బట్టలు కిలో పైచిలుకు, పనిముట్లు 600, ఫోను, చార్జర్, పవర్ బ్యాంక్ కలిపి 500, మందులు, సబ్బు వగైరా 300. సీటు కింద, ఫ్రేము మధ్యలో, హ్యాండిల్‌కు కట్టే మూడు బ్యాగులు మరో కిలో.

బట్టల దగ్గరే చాలామందికి చేయి ఆగదు. తొక్కడానికి ఒక జత, సాయంత్రానికి ఒక జత, పల్చటి స్వెటర్, రెయిన్ జాకెట్. అంతే. సాయంత్రం స్నానంతో పాటే ఉతికి, టవల్‌లో చుట్టి గట్టిగా పిండితే తెల్లారేసరికి చాలావరకు ఆరిపోతాయి. ఇంకా తడిగా ఉన్నవాటిని మర్నాడు బ్యాగు మీద కట్టి ఆరబెట్టొచ్చు.

స్టవ్ వద్దు. ఊరూరా రొట్టెల దుకాణం ఉన్న దారిలో దాని బరువు దండగ. కందిపొడి చిన్న డబ్బా పెట్టుకోండి, రొట్టె మీద చల్లుకుంటే ప్రాణం లేచొస్తుంది. నెయ్యి, పాలకోవా మాత్రం తీసుకెళ్లకండి. బయటి దేశాల నుంచి పాల ఉత్పత్తులు, మాంసం తేవడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు.

పనిముట్లలో కోత పెట్టకండి. రెండు ట్యూబులు, పంక్చర్ ప్యాచీలు, పంపు, చైన్ విప్పే మల్టీటూల్, చైన్ లింకు, మీ ఫ్రేముకు సరిపోయే డీరేలియర్ హ్యాంగర్ (గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). ఈ చివరిది ఒక్కో సైకిల్‌కు ఒక్కోలా ఉంటుంది, దారిలో షాపులో దొరక్కపోవచ్చు. ఇక్కడే కొనుక్కోండి.

4. ఇంటి దగ్గర రిహార్సల్

మొత్తం సామానుతో రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లి రండి. హైదరాబాద్ వాళ్లకు అనంతగిరి కొండలు, వైజాగ్ వాళ్లకు భీమిలి దాటి పోయే తీరం రోడ్డు సరిపోతాయి. తిరిగొచ్చాక బ్యాగు విప్పి, వాడని వస్తువులను పక్కన పెట్టండి. మందులు, పనిముట్లు తప్ప మిగతావి అక్కర్లేనివే.

5. విమానంలో సైకిల్

మ్యూనిక్‌లో దిగి బుడాపెస్ట్ నుంచి తిరిగొచ్చేలా టికెట్ తీసుకోండి. సైకిల్ షాపులో పాత అట్టపెట్టె అడిగితే ఇస్తారు. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుడని గుర్తుంచుకోండి. స్పానర్ పిడిని పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు తోస్తే రెండు పెడళ్లూ ఊడతాయి. టైర్లలో గాలి తగ్గించండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. 11 కిలోల సైకిల్, పెట్టె, సామాను కలిపి 23 కిలోల లోపు వస్తాయి. అయినా మీ విమాన సంస్థ సైకిల్‌కు విడిగా డబ్బు తీసుకుంటుందేమో ముందే అడగండి.

మ్యూనిక్ నుంచి పాసావ్‌కు ప్రాంతీయ రైలు ఎక్కండి. సైకిల్‌కు వేరే టికెట్ ఉంటుంది.

6. దారిలో

అక్కడ రోడ్డుకు కుడివైపున వెళ్లాలి. మొదటి రెండు రోజులు కూడళ్లలో దిగి నడిపించుకుపోయినా తప్పులేదు. జర్మనీ, ఆస్ట్రియాల్లో కనిపించిన చోటల్లా టెంటు వేయకూడదు, క్యాంప్‌సైట్‌కే వెళ్లాలి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారం సాయంత్రమే రెండు పూటలకు సరుకు కొనుక్కోండి. నీళ్లకు ఊరి శ్మశానం మంచి చోటు. సమాధుల దగ్గరి పూలకు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది. తాగే నీరు కాదని బోర్డు ఉంటే మాత్రం వదిలేయండి.

ఎత్తుపల్లాలు లేని దారి కదా అని మొదటి రోజే వంద కిలోమీటర్లు తొక్కేయకండి. మూడో రోజుకల్లా మోకాళ్లు, అరచేతులు లెక్క అప్పజెప్పేస్తాయి.

ఒంటరిగా వెళ్తున్నారు కాబట్టి ఇంట్లో ఒకరికి దారి పట్టిక, పాస్‌పోర్ట్, బీమా కాపీలు ఇచ్చి వెళ్లండి. అక్కడ సాయంత్రం ఆరయితే మనకు రాత్రి తొమ్మిదిన్నర. బస చేరగానే మెసేజ్ పెడతానని అమ్మకు చెప్పండి, గంటగంటకూ ఫోన్ చేస్తానని మాటివ్వకండి. సిగ్నల్ లేని ఒక్క మధ్యాహ్నం చాలు, ఇల్లంతా టెన్షన్. ప్రమాదం జరిగితే నాలుగు దేశాల్లోనూ 112కు ఫోన్ చేయాలి.

బుడాపెస్ట్ చేరడానికి వారం ముందే అక్కడి సైకిల్ షాపులు రెండు మూడింటికి మెయిల్ పెట్టి, ఫలానా తేదీకి ఖాళీ పెట్టె కావాలని అడగండి. ఏదో ఒకరు తీసి ఉంచుతారు. విమానానికి కనీసం ఒక రోజు ముందు ఊళ్లోకి చేరితే, ప్యాకింగ్‌కు తొందర ఉండదు.