జింక్ యాష్ నుంచి జింక్ సల్ఫేట్: ఒక బ్యాచ్ తీసే తీరు

గాల్వనైజింగ్ (ఇనుముకు జింకు పూత) తొట్ల మీద తేలే జింక్ యాష్‌లో సాధారణంగా 60 శాతం పైనే జింకు ఉంటుంది. దాన్ని యాసిడ్‌లో కరిగించడం తేలికే, సరుకు చెడేది శుద్ధి దగ్గర. ఇది ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది కాబట్టి కొనే ముందే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి.

యాష్‌ను బాల్ మిల్‌లో (గుండ్లతో నలిపే మరలో) ఆడించి జల్లెడ పట్టండి. పైన మిగిలే లోహపు తునకలను కరిగించి దిమ్మెలుగా పోసుకోవచ్చు, యాసిడ్ ట్యాంకులోకి మాత్రం రానివ్వకండి. కిలో లోహం కరిగితే దాదాపు 340 లీటర్ల హైడ్రోజన్ పుడుతుంది. షెడ్డు లేచిపోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. దిగిన పొడిని వేడి సోడా యాష్ నీళ్లతో కడగాలి. ఒట్టి నీళ్లకు క్లోరైడ్ పూర్తిగా వదలదు. అది మిగిలితే సరుకు చెమ్మ లాగి బస్తాలోనే ముద్ద కడుతుంది. కడిగేటప్పుడు అమ్మోనియా ఘాటు వస్తుంది, గాలి బయటికి లాగే ఫ్యాన్లు పెట్టుకోండి.

65 శాతం జింకున్న 100 కిలోల పొడికి లెక్క ప్రకారం 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ 100 కిలోలు. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్) ట్యాంకులో 400 లీటర్ల నీళ్లు నింపి, అందులోకి యాసిడ్‌ను సన్నధారగా వదలాలి. నీళ్లను యాసిడ్‌లో పోస్తే ముఖాన చిమ్ముతుంది. తర్వాత కలుపుతూ పొడిని కొంచెం కొంచెంగా వేయండి. నాలుగైదు కిలోలు ఎక్కువే పట్టినా పర్వాలేదు, పీహెచ్ 4.5కు చేరాలి. అందుకోసం సున్నం వేస్తే జిప్సం పుట్టి ద్రవాన్ని వడకట్టే ఫిల్టర్ ప్రెస్ బట్టలు మూసుకుపోతాయి.

ఇప్పుడు ఇనుము. హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోస్తే గోధుమరంగు మడ్డిగా దిగుతుంది, ఆర్సెనిక్‌నూ చాలావరకు తనతో దించేస్తుంది. దిగేకొద్దీ పీహెచ్ పడిపోతుంది, మళ్లీ పొడి వేసి 4.5-5 మధ్య నిలపండి. వడకట్టిన ద్రవంలో చుక్క యాసిడ్, చుక్క పెరాక్సైడ్ వేసి అమ్మోనియం థయోసయనేట్ కలిపితే ఎర్రబడిందా, ఇనుము ఇంకా ఉన్నట్టే.

జింక్ డస్ట్ (మెత్తని జింకు లోహపు పొడి) ఆ తర్వాతే. వరస తప్పితే డస్ట్ ఇనుము మీదే ఖర్చవుతుంది. పైగా ఆమ్లం, ఆర్సెనిక్ మిగిలిన ద్రవంలో పడితే ప్రాణాంతకమైన ఆర్సీన్ వాయువు పుట్టొచ్చు. 60-70 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంటే రాగి, కాడ్మియం, సీసం డస్ట్‌కు పట్టుకుంటాయి. వెంటనే వడకట్టండి, రాత్రంతా వదిలేస్తే కాడ్మియం తిరిగి కరుగుతుంది. ఎరువుగా అమ్మే సరుకులో సీసం 0.003 శాతం దాటకూడదు కనుక ఈ మెట్టు ఎగ్గొట్టడానికి లేదు. వడకట్టాక మిగిలే మడ్డి ముద్దలు (కేకులు) దుండిగల్, పరవాడ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకే వెళ్లాలి.

ద్రవాన్ని పైన పొర కట్టేదాకా ఇగరబెట్టి, నెమ్మదిగా కలుపుతూ చల్లార్చండి. అప్పుడు వచ్చే స్ఫటికం, అంటే ఏడు నీటి అణువుల హెప్టాహైడ్రేట్, 39 డిగ్రీల కిందే నిలుస్తుంది. ఆరబెట్టేటప్పుడు వేడిగాలి వాడితే ఆ నీరు పోతుంది. లెక్కకు కిలో జింకుకు 4.4 కిలోల స్ఫటికాలు. మిగిలిన ద్రవాన్ని తర్వాతి బ్యాచ్‌కి నీళ్ల బదులు వాడుకోవచ్చు. మెగ్నీషియం, క్లోరైడ్ అందులో పేరుకుంటాయి గనుక ప్రతిసారీ కొంత తీసి శుద్ధికి పంపాలి.