లోక్‌పాల్ పదవులకు దరఖాస్తు: ఎవరు అర్హులు, ఏం పంపాలి, ఆ తర్వాత ఏం జరుగుతుంది

కేంద్ర స్థాయిలో అవినీతి ఫిర్యాదులను విచారించే సంస్థ లోక్‌పాల్. దాని చైర్‌పర్సన్, సభ్యుల పదవులకు దరఖాస్తు పెట్టుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. ప్రధానమంత్రి నేతృత్వంలోని కమిటీ ఎంపిక చేసి, రాష్ట్రపతి నియమించే పదవి కదా, అంతా పైవాళ్లే చూసుకుంటారని అనుకుంటారు. నిజానికి 2019లో మొదటి లోక్‌పాల్‌ను నియమించే ముందు, పేర్లను వడపోసే సెర్చ్ కమిటీ బహిరంగంగా ప్రకటన ఇచ్చి దరఖాస్తులు పిలిచింది. అయితే దీన్ని మామూలు ఉద్యోగ నోటిఫికేషన్‌లా చూస్తే నిరాశ తప్పదు. పరీక్ష లేదు, ర్యాంకు లేదు. దరఖాస్తు పెట్టినవాళ్లలోంచే ఎంపిక చేయాలన్న నియమం కూడా లేదు. ఆ విషయం కిందికి వచ్చాక చెబుతాను.

ఒక్క మాట ముందుగా: అధికారి మీద అవినీతి ఫిర్యాదు ఇవ్వడానికి లోక్‌పాల్ గురించి వెతుకుతున్నవాళ్లకు ఇది పనికిరాదు. ఫిర్యాదు ఫారం, దాని పద్ధతి వేరు.

ఎన్ని పదవులు, ఎవరికి

2013 నాటి లోక్‌పాల్, లోకాయుక్తల చట్టం 2014 జనవరి 16న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఒక చైర్‌పర్సన్, గరిష్ఠంగా 8 మంది సభ్యులు ఉంటారు. సభ్యుల్లో సగం మంది న్యాయరంగం నుంచి రావాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ వర్గాలవారు, మహిళలు కలిపి సగానికి తగ్గకూడదు.

న్యాయ సభ్యుల విషయంలో దారి చాలా ఇరుకు. సుప్రీంకోర్టు జడ్జిగానో, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానో పనిచేస్తున్నవారు, లేదా గతంలో పనిచేసినవారు మాత్రమే అర్హులు. హైకోర్టు జడ్జిగా ఎన్నేళ్లు చేసినా, ప్రధాన న్యాయమూర్తి కాకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే.

మిగతా సగం సభ్యుల పదవులకు కావలసింది మచ్చలేని నిజాయితీ, అసాధారణ సామర్థ్యం, దాంతోపాటు కనీసం 25 ఏళ్ల ప్రత్యేక పరిజ్ఞానం, నైపుణ్యం. ఏ రంగంలో? అవినీతి నిరోధక విధానం, ప్రభుత్వ పాలన, విజిలెన్స్, బీమా, బ్యాంకింగ్‌తో కూడిన ఆర్థిక రంగం, న్యాయం, మేనేజ్‌మెంట్. చైర్‌పర్సన్ పదవికి భారత ప్రధాన న్యాయమూర్తి, సుప్రీంకోర్టు జడ్జిలతో పాటు ఈ 25 ఏళ్ల అర్హత ఉన్న ప్రముఖ వ్యక్తి కూడా సరిపోతారని చట్టం చెబుతోంది. కాగితం మీద అలా ఉన్నా, ఇప్పటివరకు ఆ కుర్చీలో కూర్చున్న ఇద్దరూ, అంటే జస్టిస్ పినాకి చంద్ర ఘోష్, జస్టిస్ ఎ.ఎం. ఖన్విల్కర్, సుప్రీంకోర్టు నుంచి రిటైరైనవారే.

ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ సభ్యులు అనర్హులు. నైతిక పతనంతో ముడిపడిన నేరంలో శిక్ష పడినవారు, కేంద్ర లేదా రాష్ట్ర సర్వీసు నుంచి తొలగించబడినవారు కూడా అంతే. బాధ్యతలు చేపట్టే రోజుకు 45 ఏళ్లు నిండి ఉండాలి.

వయసు లెక్క

పదవీకాలం ఐదేళ్లు, లేదా 70 ఏళ్లు నిండేవరకు, ఏది ముందైతే అది. 67 ఏళ్ల వయసులో చేరితే మూడేళ్లే దక్కుతుంది. జస్టిస్ ఘోష్ 2019 మార్చిలో చేరి, 70 నిండడంతో 2022 మేలో దిగిపోయారు. ఈ లెక్కలో ఎంపికకు పట్టే కాలాన్ని కూడా కలుపుకోవాలి. ఖాళీ ఏర్పడే మూడు నెలల ముందే భర్తీ పని మొదలుపెట్టాలని చట్టంలోని 5వ సెక్షన్ చెబుతుంది. కానీ ఘోష్ తర్వాత పూర్తికాలపు చైర్‌పర్సన్‌గా ఖన్విల్కర్ ప్రమాణం చేసింది 2024 మార్చిలో. ఏడాదిన్నరకు పైగా తాత్కాలిక ఏర్పాటుతోనే నడిచింది. 68 దాటినవారు దరఖాస్తు పెట్టే ముందు ఇది ఆలోచించుకోవాలి.

ప్రకటన వచ్చాక

ఏడాది పొడవునా తెరిచి ఉండే దరఖాస్తు కాదిది. ఖాళీల భర్తీకి ప్రకటన వచ్చినప్పుడే పంపాలి. నియామకాల వ్యవహారం కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ చూస్తుంది కాబట్టి ఆ శాఖ వెబ్‌సైట్‌ను గమనిస్తూ ఉండాలి. గడువు పెద్దగా ఉంటుందని నమ్ముకోవద్దు. కాగితాలు ముందే సిద్ధంగా పెట్టుకోవడం మేలు. ఏ చిరునామాకు, ఏ నమూనాలో, ఏ తేదీలోగా అన్నది ఆ ప్రకటనలో ఉన్నదే లెక్క. పాత ప్రకటన ఫారం దింపుకొని నింపడం అనవసరపు రిస్కు. ఇతరులు పేరు ప్రతిపాదించడానికి ప్రకటనలో వీలుంటే, ఆ వ్యక్తి రాతపూర్వక అంగీకారం జతచేయడం మర్యాద కూడా, జాగ్రత్త కూడా.

బయోడేటాలో చాలామంది నిర్వహించిన పదవుల జాబితా రాసి ఊరుకుంటారు. అది సరిపోదు. చట్టం అడిగేది 25 ఏళ్ల సర్వీసు కాదు, చెప్పిన రంగాల్లో 25 ఏళ్ల నైపుణ్యం. 33 ఏళ్లు ప్రభుత్వంలో చేసిన అధికారి అయినా, అందులో ఏ కాలం ఏ రంగం కిందికి వస్తుందో విడగొట్టి చూపాలి. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు విజిలెన్స్, ఆ తర్వాత ఆర్థిక శాఖ, అక్కడ చేసిన పని ఇది, అని. బ్యాంకర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, లాయర్లు అయితే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే వాళ్ల పనికి సర్వీసు రిజిస్టరు ఉండదు. పుట్టినతేదీ రుజువు, నియామక, పదవీవిరమణ ఉత్తర్వులు, ప్రాక్టీసు మొదలుపెట్టిన నాటి సర్టిఫికెట్ లాంటివి దగ్గర పెట్టుకోండి.

ఇక దాచకూడనివి. మీ మీద కేసు ఉన్నా, శాఖాపరమైన విచారణ నడుస్తున్నా, కొట్టేసిన పాత ఫిర్యాదైనా, ప్రకటన అడిగినంత మేరకు పూర్తిగా రాయాలి. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా పి.జె. థామస్ నియామకాన్ని రద్దు చేసింది. కేరళ పామోలిన్ దిగుమతి కేసులో ఛార్జిషీటు ఉన్న సంగతిని ఎంపిక కమిటీ లెక్కలోకి తీసుకోలేదన్నది ప్రధాన కారణం. వ్యక్తి మంచివాడా కాదా అన్నదొక్కటే చాలదని, ఆ నియామకం వల్ల సంస్థ నిజాయితీకి దెబ్బ తగులుతుందా అన్నది కూడా చూడాలని కోర్టు చెప్పింది. ఆ తీర్పు విజిలెన్స్ కమిషన్ గురించే అయినా, ఇలాంటి పదవులన్నిటికీ ఫైలు చూసేవాళ్ల బుర్రలో అది ఉంటుంది.

లోపల జరిగేది

దరఖాస్తులు మొదట సెర్చ్ కమిటీ ముందుకు వెళ్తాయి. అందులో కనీసం ఏడుగురు ఉంటారు. 2018లో వేసిన కమిటీకి జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ నేతృత్వం వహించారు. ఈ కమిటీ పేర్లను వడపోసి సెలెక్షన్ కమిటీకి ఇస్తుంది. సెలెక్షన్ కమిటీలో ప్రధానమంత్రి, లోక్‌సభ స్పీకర్, లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు, భారత ప్రధాన న్యాయమూర్తి లేదా ఆయన సూచించిన సుప్రీంకోర్టు జడ్జి, వీరి సిఫార్సుపై రాష్ట్రపతి నామినేట్ చేసే ఒక న్యాయకోవిదుడు ఉంటారు.

అసలు కిటుకు ఇక్కడుంది. సెర్చ్ కమిటీ ఇచ్చిన పేర్లకు బయట ఉన్న వ్యక్తిని కూడా సెలెక్షన్ కమిటీ పరిశీలించవచ్చని చట్టమే అంటోంది. కాబట్టి దరఖాస్తు అంటే మన పేరు బల్ల మీదికి చేర్చడమే, అంతకు మించి హక్కేమీ రాదు. ఇది సరైన ఏర్పాటేనా అంటే నాకు అనుమానమే. బహిరంగంగా దరఖాస్తులు పిలిచి, వాటి బయటి నుంచి తీసుకుంటే కనీసం కారణం చెప్పాలి.

కమిటీలో ఖాళీ ఉందన్న ఒక్క కారణంతో నియామకం చెల్లకుండా పోదు. 2014 తర్వాత లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడు లేడని నియామకం ఏళ్ల తరబడి ఆగింది. ఆ కారణంతో ఆపనక్కర్లేదని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌లో చెప్పాక కూడా మరో రెండేళ్లు పట్టింది.

ఎంపికైతే వదులుకోవాల్సినవి

చైర్‌పర్సన్‌కు భారత ప్రధాన న్యాయమూర్తితో సమానంగా, సభ్యులకు సుప్రీంకోర్టు జడ్జితో సమానంగా జీతభత్యాలు. అంటే నెలకు 2,80,000, 2,50,000 రూపాయల మూలవేతనం. అయితే అప్పటికే పెన్షన్ అందుకుంటుంటే ఆ మేరకు జీతంలో తగ్గిస్తారు. చేరే ముందు లాభదాయక పదవి ఏదున్నా రాజీనామా చేయాలి, వ్యాపారంతో సంబంధం తెంచుకోవాలి, ప్రాక్టీసు ఆపాలి, ఏ రాజకీయ పార్టీతోనూ అనుబంధం ఉండకూడదు. ప్రాక్టీసు బాగా నడుస్తున్న లాయర్లు వెనకాడేది ఇక్కడే.

దిగిపోయాక కూడా ఆంక్షలు ఉంటాయి. మళ్లీ అదే పదవికి నియామకం కుదరదు. సభ్యుడిగా ఉన్నవారిని చైర్‌పర్సన్‌గా తీసుకోవచ్చు గానీ మొత్తం కాలం ఐదేళ్లు దాటకూడదు. రాయబారి పదవి, కేంద్రపాలిత ప్రాంత పాలకుడి పదవి, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల కింద మరే లాభదాయక పదవీ తీసుకోకూడదు. రాష్ట్రపతి ఎన్నిక నుంచి పంచాయతీ ఎన్నిక వరకు, ఐదేళ్లపాటు దేనికీ పోటీ చేయకూడదు.